బందరు అద్దకం మీద ఐరోపా చెయ్యి

1605–06లో డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకునేనాటికి నేతలో గానీ అద్దకంలో గానీ ఈ తీరానికి నేర్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. రెండున్నర శతాబ్దాలు తిరిగేసరికి అదే బందరులో మాంచెస్టర్ మిల్లు గుడ్డ అమ్ముడుపోతోంది. ఆవిరి యంత్రం వచ్చింది, మగ్గం ఓడిపోయింది అని దీన్ని ఒక్క ముక్కలో తేల్చేయడం మామూలు. నిజానికి యంత్రం వచ్చింది చివర్లో. అప్పటికి నూట యాభై ఏళ్లుగా ఆర్డరు కాగితం, బయానా సొమ్ము, నిషేధ చట్టం, అద్దకం గుట్టు విప్పి రాసిన ఉత్తరాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఐరోపా ప్రభావం ఎలా పనిచేసిందో తెలియాలంటే ఫిరంగుల కంటే ఈ కాగితాలే ఎక్కువ చెబుతాయి.

డచ్చి కంపెనీ 1602లో పుట్టింది మసాలా దినుసుల కోసం. లవంగం, జాజికాయ పండే మలుక్కా దీవుల్లోని అంబోయినా, బండా జనానికి ఐరోపా ఉన్నిబట్టతో పనిలేదు. వాళ్లు తరతరాలుగా కట్టుకుంటున్నదీ, పెట్టెల్లో దాచుకుంటున్నదీ కోరమండల్, అంటే మన తూర్పు తీరపు, గుడ్డ. అందుకే ఈ తీరం మలుక్కా దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు. ఇక్కడి గుడ్డ లేకపోతే అక్కడ వ్యాపారం సాగదని ఆయన లెక్క. ఆ గుడ్డ కొనడానికి డబ్బు? ఐరోపా సరుకు ఇక్కడ పెద్దగా అమ్ముడుపోదు కాబట్టి 1545 నుంచి దక్షిణ అమెరికాలోని పొటోసి కొండను తవ్వి తీసిన వెండి ఓడలకెక్కింది. ఇక్కడ మళ్లీ ఒక చిక్కు. కోరమండల్‌లో లెక్కంతా బంగారు వరహాల్లో. వెండిని మార్చుకుంటే వట్టం, అంటే మారకపు కోత, పోతుంది. 17వ శతాబ్దం ద్వితీయార్ధంలో డచ్చివారు జపాన్ బంగారం పట్టుకొచ్చి ఈ తీరంలో వాడారంటే కారణం అదే. దక్షిణ అమెరికా గని, జపాన్ బంగారం, గోదావరి మగ్గం, బండా జాజితోట ఒకే ఖాతా పుస్తకంలోకి వచ్చాయి. ఆ పుస్తకం మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది.

ఇంగ్లీషువారు 1611లో 'గ్లోబ్' ఓడతో బందరుకొచ్చారు, ఫ్రెంచివారు 1669లో. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నాల్లో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ ఇంజరంలోనూ ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు స్థిరపడ్డారు. ఇన్ని జెండాలు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకంటే నేత గ్రామాలు అక్కడున్నాయి. కోట కట్టడానికి అనువైన చోటు కంటే గుడ్డను చలువ చేయడానికి, అంటే తెల్లబరచడానికి, మంచినీళ్ల కాలువ దగ్గరగా ఉన్న చోటే వాళ్లకు విలువైంది.

కొనుగోలు నడిచే తీరు చూస్తే ప్రభావం ఎక్కడ పట్టు బిగించిందో తెలుస్తుంది. ఈ తీరానికి సహజమైన రేవుల్లేవు. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడ మైళ్ల దూరంలో లంగరు వేయాలి. బేళ్లు మసూలా పడవల మీద, అంటే తీరపు అలలు దాటే నాటు పడవల మీద, వెళ్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల భయంతో ఓడలు తీరం వదిలేసేవి. అంటే ఏడాదిలో సరుకెక్కించే కాలం కొన్ని నెలలే. లండన్‌లో ఆర్డరు రాసిన రోజు నుంచి గుడ్డ లండన్ గిడ్డంగికి చేరేదాకా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది. ఇంత ఆలస్యంలో సరుకు తేడా రాకుండా ఉండాలంటే ముందే నమూనా ముక్క ఇవ్వాలి, కొలతలు బిగించాలి, సొమ్ము ముట్టజెప్పాలి. కంపెనీ స్థానిక వర్తకులకు బయానా ఇచ్చేది. వాళ్లు నేతగాళ్లకు పంచేవారు.

నాణ్యతకు కొలత పుంజం. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, 120 పోగులు ఒక పుంజం. 14 పుంజాల గుడ్డంటే వెడల్పులో 1,680 పోగులు, 18 పుంజాలదైతే 2,160. గిడ్డంగిలో ప్రతి తానునూ విప్పి నమూనాతో పోల్చి ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేవారు. కిందిరకానికి ధర కోత. అసలు పనికిరాదంటే వెనక్కి. వెనక్కొచ్చిన తాను నేతగాడి ఇంట్లో, బయానా అప్పు అతని పేరున. కంపెనీ ఉత్తరాల్లో నేతగాళ్ల మోసాల గురించి ఫిర్యాదులు కోకొల్లలు: తాను రెండు కొసల్లో దట్టంగా నేసి మధ్యలో పల్చన చేయడం, పుంజం తగ్గించడం, గంజి ఎక్కువ పట్టించి బరువు తెప్పించడం. ఈ తప్పులు ఎప్పుడు పెరిగేవో చూస్తే సంగతి వేరే ఉంది. వానలు లేక బియ్యం ధర, పత్తి ధర పెరిగిన ఏడు ఒప్పందపు ధర మాత్రం పెరగదు. నేతగాడి చేతిలో మారగలిగేది ఒక్కటే, పోగుల లెక్క. ఒక పుంజం తగ్గిస్తే 120 పోగుల నూలు మిగులుతుంది.

అయినా 18వ శతాబ్దం మధ్య దాకా నేతగాడు మరీ చేతులు కట్టేసుకుని లేడు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, పర్షియాకు పంపే ముస్లిం వర్తకులు, మన సంతల్లో కొనే కోమట్లు అందరూ పోటీలో ఉన్నారు. ఒకరి బయానా తిరిగిచ్చేసి ఇంకొకరికి నేయడం చెల్లుబాటయ్యే పని. ఈ ఒక్క వెసులుబాటు తర్వాత ఎలా పోయిందన్నదే ఈ కథలో కీలకం.

అద్దకంలో ఐరోపా మొదట వేలు పెట్టింది బొమ్మ మీద. అప్పటిదాకా దుప్పట్లు ముదురెరుపు నేలతో వెళ్లేవి. 1643లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ లండన్ డైరెక్టర్లు సూరత్‌లోని తమవాళ్లకు రాస్తూ ఆ ఎరుపు ఇంగ్లండులో నచ్చడం లేదనీ, తెల్లనేల ఎక్కువుంచి నడుమ రంగుల్లో పూలూ కొమ్మా వేయించమనీ కోరారు. కొన్నేళ్లకు నమూనా బొమ్మలే పంపడం మొదలైంది. గుట్టల మీద నుంచి మెలికలు తిరిగి లేచే చెట్టు, దాని కొమ్మకొకటి చొప్పున లోకంలో లేని పూలు ఉన్న పలంపూరు దుప్పట్లు ఇప్పుడు మ్యూజియాల్లో భారతీయ కళగా కనిపిస్తాయి. వాటిలో చైనా గుట్టలున్నాయి, పర్షియా తీగలున్నాయి, ఇంగ్లండు కుట్టుపని ఆకులున్నాయి. చెయ్యి ఇక్కడిది, అభిరుచి కొన్నవాడిది.

ఆ చెయ్యి చేసే పనిని మాత్రం ఐరోపా చాలాకాలం పట్టుకోలేకపోయింది. నూలు గుడ్డకు రంగు ఊరికే పట్టదు. అంతకుముందు ఐరోపాలో నార బట్ట మీద నూనె కలిపిన రంగులు అచ్చు వేసేవారు. ఉతికితే పోయేవి, వాసన కూడా. కోరమండల్ గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా ఎరుపు ఇంకా తేలేది. కారణం రంగులో లేదు, రంగుకంటే ముందు పట్టించే పదార్థాల్లో ఉంది.

పని వరస ఇలా సాగేది. సగం చలువైన గుడ్డను కరక్కాయ పిండి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. తర్వాత చెక్క మీద పరిచి కొట్టి నున్నగా చేస్తారు. పాలలోని కొవ్వు లేకపోతే కలంతో గీసిన గీత పోగుల వెంట పాకి మసకబారుతుంది. గేదె పాలే ఎందుకంటే ఆవు పాలలో అంత కొవ్వుండదు. బొమ్మను కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో పొడిచి, బొగ్గుపొడి మూటతో తట్టి గుడ్డ మీదికి దించుతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన రసంతో నల్లగీతలు వేస్తారు. ఆ ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి గుడ్డలోనే నలుపవుతుంది. రసం మరీ ఘాటైతే గీత ఉన్నచోట గుడ్డ తినేస్తుంది. మ్యూజియాల్లో పాత పలంపూర్లకు పువ్వు బాగుండి దాని చుట్టూ నల్లగీత వెంబడి చిల్లులుండటం దీనివల్లే.

ఎరుపు కావలసిన చోట పూసేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. కంటికి కనబడటానికి అందులో కాస్త రంగు కలుపుతారు. మిగులు పటిక పోయేలా పారే నీళ్లలో ఉతుకుతారు. ఇక్కడ చెయ్యి తప్పితే పటిక పక్కకు పాకి తెల్లనేల గులాబిరంగు ముద్దవుతుంది. తర్వాత చిరివేరు నీళ్లలో మరిగిస్తారు. పటిక ఉన్నచోట వేరులోని ఎరుపు గట్టిగా కట్టుకుంటుంది. లేనిచోట పైపైన అంటుకున్నది మేక పెంటికల నీళ్లలో నానబెట్టి, నీళ్లు చల్లుతూ రోజుల తరబడి ఎండబెడితే పోతుంది. చిరివేరు ఎక్కడిదన్న తేడా కూడా ఉంది. నిజాంపట్నం పరిసరాల తీరపు ఇసుకనేలల్లో దొరికే వేరుకు 17వ శతాబ్దంలోనే పేరు. గవ్వల సున్నం కలిసిన నేల కావడం అందుకు కారణమని ఇప్పటి రసాయన శాస్త్రం చెబుతుంది. పటికతో పాటు సున్నం కూడా ఉంటేనే ఈ ఎరుపు నిండుగా వస్తుంది. ఒకే బొమ్మ, ఒకే వేరు అయినా వేరే ఊరి నీళ్లలో ఇంకో ఎరుపు వచ్చేది. అద్దకంవాళ్లు ఊరు మారడానికి ఇష్టపడకపోవడంలో మొండితనమేమీ లేదు.

నీలం అన్నింటికంటే కష్టం. నీలిమందు గాలి తగిలితే గడ్డకట్టి కరగని పొడైపోతుంది కాబట్టి కలంతో పూయడం కుదరదు. నీలం అక్కర్లేని ప్రతి చోటా తేనెమైనం కరిగించి పూసి, గుడ్డను తొట్టిలో ముంచి, ఆరబెట్టి, వేడినీళ్లలో మైనం తీసేయాలి. సన్నని నీలం పువ్వొక్కటి కావాలన్నా గజాల గుడ్డకంతా మైనమే. పసుపు చివర పూస్తారు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. పసుపు నిలిచే రంగు కాదు, అందుకే పాత దుప్పట్లలో ఆకులు నీలంగా మిగిలిపోయాయి.

ఈ వరసంతా ఐరోపాకు రాతలో చేరింది. 1678లో ఫ్రెంచి కంపెనీకి చెందిన జార్జ్ రోక్ అహ్మదాబాద్ అచ్చుపనిని వివరంగా రాశాడు. 1734 ప్రాంతంలో పాండిచ్చేరిలో బొల్యూ అనే నావికాధికారి అద్దకం ప్రతి దశ దగ్గరా ఒక గుడ్డముక్క కత్తిరించి, వివరణ పక్కన జోడించి పారిస్‌కు పంపాడు. ఆ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. 1742లో జెసూట్ పాదిరి కేర్దూ రాసిన ఉత్తరం అచ్చయింది కూడా. క్రైస్తవం పుచ్చుకున్న అద్దకంవాళ్లను ఆయన విడివిడిగా అడిగి, ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూసుకున్నాడు. తెలుగు బాగా వచ్చినవాడు, నిఘంటువు కూడా కూర్చాడు. పండితుడిగా ఆయన పట్ల ఎంత గౌరవం ఉన్నా, అది నేటి లెక్కలో వృత్తి రహస్యం సేకరణ. చెప్పినవాళ్ల పేర్లు అందులో లేవు.

అయితే రాత దొరికినంత మాత్రాన పని రాలేదు. ఐరోపాలో చిరివేరు లేదు, కానీ అదే ఎరుపు పదార్థమున్న మంజిష్ఠ జాతి వేరు ఉంది. గేదె పాలు లేవు, దానికి బదులు పటిక నీళ్లలో జిగురు కలిపి చిక్కబరిచారు. చిక్కబడ్డ పటిక పాకదు, పైగా చెక్క అచ్చుకు బాగా అంటుతుంది. కలం అక్కర్లేకుండా పోయింది. నీలానికి హరిదళం (పసుపురంగు ఆర్సెనిక్ ఖనిజం), సున్నం, జిగురు కలిపి గాలికి గడ్డకట్టడం ఆలస్యమయ్యేలా చేసి కుంచెతో పూశారు. హరిదళం విషం, పూసినవాళ్ల ఆరోగ్యం సంగతి వేరే. 1752లో ఐర్లండులో ఫ్రాన్సిస్ నిక్సన్ రాగిరేకుతో గజమంత పెద్ద బొమ్మను ఒక్కసారిగా అచ్చేశాడు. 1783లో థామస్ బెల్ రాగి రోలరుకు పేటెంటు తీసుకున్నాడు. అనుకరణగా మొదలైన పని కొరతల వల్ల దారి మళ్లి వేరే పనైంది.

చిక్కబరిచే ఆ జిగురులో మేలైనది సెనెగల్ తుమ్మబంక. దాన్ని కోసే ఎడారి వర్తకులు మార్పిడిగా అడిగేది ఏమిటంటే కోరమండల్ నీలం గుడ్డ, ఫ్రెంచివారు 'గినీ' అని పిలిచేది. సెనెగల్ నది వెంట అది డబ్బులాగే చెలామణీ అయ్యింది. బందరు అద్దకానికి పోటీగా నిలబడ్డ ఫ్రెంచి అచ్చుశాలలకు కావలసిన ముడిసరుకు కోరమండల్ గుడ్డతోనే వచ్చింది. ఆ ఆఫ్రికా తీరంలోనే ఇలాంటి గుడ్డలు చెల్లించి మనుషులనూ కొన్నారు. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో భారతీయ నూలు గుడ్డ ముఖ్యమైన సరుకు. నేసినవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఇక చట్టాలు. ఫ్రాన్స్ 1686 అక్టోబరులో అద్దకపు గుడ్డను, దేశంలో చేసిన అనుకరణను కూడా నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. లండన్‌లో 1697లో పట్టు నేతగాళ్లు ఈస్టిండియా కంపెనీ కార్యాలయం మీద పడ్డారు. 1700 చట్టం భారత, పర్షియా, చైనాల అద్దకపు గుడ్డ ఇంగ్లండులో వాడకూడదంది, కానీ గిడ్డంగిలో ఉంచి విదేశాలకు మళ్లీ అమ్ముకోవచ్చంది. తెల్లగుడ్డకు సుంకం కట్టి తెచ్చుకోవచ్చు. ఫలితం చట్టం చేసినవాళ్లు ఊహించింది కాదు: లండన్ అచ్చుశాలలు భారత తెల్లగుడ్డ తెప్పించుకుని తామే అచ్చేసి బాగుపడ్డాయి. 1719లో నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీది అచ్చుగుడ్డలు చింపారు. 1721 చట్టం అచ్చేసిన నూలు గుడ్డ కట్టడాన్నే నేరం చేసింది. కడితే 5 పౌండ్లు, అమ్మితే 20 పౌండ్ల జరిమానా. మస్లిన్, పూర్తిగా నీలం ముంచిన గుడ్డ, నార కలిసిన మోటు గుడ్డ మినహాయింపు. ఆ చివరి సందులోంచే ఇంగ్లండులో మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ సీమ ఎదిగింది. నార పడుగు, నూలు పేక (అడ్డపోగు) గుడ్డ మీద అచ్చు వేయవచ్చని 1736లో స్పష్టత వచ్చింది. అప్పటికి వాళ్లు వడికే నూలు పడుగుకు పనికొచ్చేంత గట్టిది కాదు. ఆ లోటు తీర్చిన ఆర్క్‌రైట్ నూలు వడికే నీటియంత్రం 1769లో వచ్చింది. 1774లో పూర్తి నూలు గుడ్డకు చట్టం తలుపు తీసింది, ఒక షరతుతో: ఇంగ్లండులో నేసినదని తెలిసేలా రెండు అంచుల్లోనూ మూడేసి నీలం పోగులుండాలి. యాభై ఏళ్లకు పైగా ఇంటి సంత మూసి ఉంచి, సొంత సరుకు తయారయ్యాక తెరిచారు. స్వేచ్ఛా వ్యాపారం గురించిన ఉపన్యాసాలు ఆ తర్వాతవి.

అదే సమయంలో ఇక్కడ కొనుగోలుదారు పాలకుడయ్యాడు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్ బందరు కోట పట్టుకున్నాడు. 1765లో మొఘల్ ఫర్మానా, 1766లో నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు, అంటే ఈ కోస్తా జిల్లాలు, కంపెనీ చేతికొచ్చాయి. పోటీ కొనుగోలుదారులు పలచబడ్డారు. బయానా తీసుకున్న నేతగాడు ఇంకొకరికి నేయకూడదన్నారు, మగ్గాల దగ్గర బంట్రోతులను పెట్టారు. వసూలు చేసిన శిస్తుతోనే గుడ్డ కొనొచ్చు, వెండి తేవలసిన పనీ తగ్గింది. ధర నిర్ణయించేవాడు, అప్పిచ్చేవాడు, తీర్పు చెప్పేవాడు ఒక్కడే అయ్యాక బయానా తిరిగిచ్చేసే పాత వెసులుబాటు ఎక్కడ నిలుస్తుంది? మిల్లు గుడ్డ రాకముందే నేతగాడి బేరశక్తి పోయిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

1813 నాటికి ఇంగ్లండులో భారత తెల్లగుడ్డ మీద సుంకం దాని ధరలో మూడింట రెండు వంతులు దాటింది. ఇటు వచ్చే వాళ్ల గుడ్డకు నామమాత్రం. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. పల్లెలకు బయానాలు ఆగిపోయిన ఆ రోజుల్లోనే గుంటూరు సీమను నందన నామ సంవత్సరపు కరువు పీల్చేసింది. 1864 నవంబరు 1 తుఫానులో బందరు ప్రాంతంలో ముప్పై వేల మంది దాకా పోయారు. రేవు మళ్లీ కోలుకోలేదు.

మగ్గం మాత్రం పోలేదు. మిల్లు నూలు దిగాక ముందుగా పోయింది రాట్నం, అంటే ఇంట్లో ఆడవాళ్ల సంపాదన. నేతగాడు మిల్లు నూలు కొని నేశాడు. పొందూరు లాంటి ఒకటి రెండు చోట్ల చేతినూలు మిగిలింది. రంగుల వంతు ఇంకాస్త ఆలస్యం. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబెర్‌మన్ చిరివేరులోని ఎరుపు పదార్థాన్ని, అలిజరిన్‌ను, ప్రయోగశాలలో చేశారు. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికొచ్చింది. చిరివేరు తవ్వకం ఆగిపోయింది. బందరు, పెడన అచ్చుపనివాళ్లు పటిక అద్దకం పాతదే ఉంచుకుని వేరు బదులు అలిజరిన్ పొడి వేశారు. పర్షియా కొనుగోళ్లు సాగినంత కాలం అలాగే నడిచింది. చూసేవాళ్లకు అదంతా ప్రాచీన పద్ధతి. తొట్టిలో ఉన్నది జర్మనీ కనిపెట్టిన పొడి.

అట్లాంటిక్ దారి కూడా పూర్తిగా మూసుకోలేదు. చీరాల, ఈపూరుపాలెం మగ్గాల మీద 20వ శతాబ్దంలోనూ 36 అంగుళాల వెడల్పు, ఎనిమిది గజాల పొడవు గళ్ల గుడ్డ 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో నైజీరియా కోసం నేశారు. ఒక్కో తానులో ఎనిమిది రుమాళ్లు. చాలాకాలం ఆ బేరం లండన్ వర్తకుల చేతుల మీదుగానే నడిచింది, నమూనా ముక్కలు అక్కడి నుంచే వచ్చేవి. నైజీరియాలోని నైజర్ డెల్టాలో కలబరి జాతి ఆడవాళ్లు ఆ గుడ్డ తీసుకుని, చాకుతో ఎంచిన పోగులను తెంపి లాగేసి, గళ్ల మీద తమ సొంత నమూనా తెప్పించుకునేవారు. ఆ నమూనా ఏ ఆర్డరు పుస్తకంలోనూ లేదు.